ద్రౌపది అడిగిన సందేహం

ఎండాకాలం వచ్చిందంటే మదనపల్లె, పుంగనూరు, కుప్పం వైపు ధర్మరాజుల గుళ్ల దగ్గర భారతం పెడతారు. చాలాచోట్ల 18 రోజులు. మధ్యాహ్నం హరికథ, రాత్రికి నాటకం. పగలు విన్న కథనే తెల్లవార్లూ చూస్తాం.

నేను ఎదురుచూసేది వస్త్రాపహరణం రాత్రి కోసం. అందులోనూ దుశ్శాసనుడు రాకముందు ఘట్టం కోసం. సభకు పిలవడానికి వచ్చిన దూత ప్రాతికామిని ద్రౌపది ఒక సందేహం అడిగి వెనక్కి పంపుతుంది: జూదంలో రాజు ముందుగా ఓడింది తననా, నన్నా?

జవాబు ఆమెకు తెలియదా? తనను తానే పోగొట్టుకున్నవాడికి ఇంకొకరిని పందెం ఒడ్డే హక్కెక్కడిది! ఆ మాట తనే తేల్చి చెప్పివుంటే కర్ణుడో దుర్యోధనుడో కొట్టిపారేసేవాళ్లు. సందేహంగా అడిగింది కాబట్టి, తేల్చాల్సిన బరువు సభ మీద పడింది. ధర్మరాజు నోరు విప్పలేదు. భీష్ముడంతటివాడు ధర్మం సూక్ష్మమైనది, నేను తేల్చలేనన్నాడు. భీష్ముడి ఆ సందేహం నాకు ఇప్పటికీ మింగుడుపడదు. ఆమె నిలదీయడానికి అడిగితే, ఆయన తప్పుకోవడానికి చెప్పాడు. న్యాయం పలికింది కౌరవుల్లోనే ఒకడైన వికర్ణుడు.

తెలిసినదాన్నే సందేహంగా పలికే ద్రౌపది విద్య రోమ్‌లో వక్త సిసిరోకూ తెలుసు. క్రీ.పూ. 80లో, తండ్రిని చంపాడన్న నేరం మీద నిలబడ్డ రోస్కియస్ తరఫున వాదిస్తూ, ఏ అన్యాయం ముందు చెప్పాలో, ఎక్కడ మొదలుపెట్టాలో తోచడం లేదన్నాడు. తోచకేం, చెప్పాల్సిందంతా వరసగా చెప్పాడు.

కుప్పం దగ్గర ఒక పల్లెలో ద్రౌపది వేషం కట్టిన పెద్దాయన ఆ ప్రశ్న దగ్గర చేయెత్తి హార్మోనియం ఆపించాడు. దుర్యోధనుడి వైపు చూడలేదు. తిరిగి, ముందు వరసలో కూర్చున్న ఊరి పెద్దల్ని చూస్తూ, రాగం లేకుండా, ఉత్త మాటగా అడిగాడు. ఆగాడు. వెనక నుంచి ఒక అవ్వ అరిచింది: "ఆయప్పకేం హక్కుండాది తల్లీ!"

ఇప్పుడు కొన్ని మేళాల్లో ఆ ప్రశ్నను ఏడుస్తూ పాడి, వెంటనే ఆలాపన ఎత్తుకుంటున్నారు. ఏడుపు వింటే జాలిపడి ఊరుకుంటాం. జవాబు చెప్పాలని ఎవరికీ తోచదు. వేషగాళ్లకు నా మనవి ఒక్కటే: ఆ మాట తర్వాత కాసేపు మద్దెలను కూడా మోగనివ్వకండి.