'ఫరెవర్ వార్': సైనికుడి కాలం, రచయిత దృక్పథం

వైజ్ఞానిక నవల అనగానే పలాయన సాహిత్యమని పక్కన పెట్టే అలవాటు మన విమర్శకుల్లో ఉంది. అందులోనూ అంతరిక్ష యుద్ధమంటే చదవకుండానే తీర్పు చెప్పేస్తాం. నేనూ చాలాకాలం అలాగే చేశాను. రాబర్ట్ హైన్‌లైన్ 1959లో ప్రచురించిన 'స్టార్‌షిప్ ట్రూపర్స్' నా తీర్పుకు బలమిచ్చింది. సైన్యం వంటి ప్రభుత్వ సేవ చేసి వచ్చినవాళ్లకే ఓటుహక్కు ఉన్న సమాజాన్ని మెచ్చుకుంటూ రాసిన నవల అది. శత్రువులు అందులో పురుగులు. పురుగుల్ని చంపడానికి కారణం చెప్పనక్కర్లేదు గదా!

జో హాల్డెమన్ నవల 'ది ఫరెవర్ వార్' (1974) చదివాక ఆ తీర్పు సవరించుకోవలసి వచ్చింది. హాల్డెమన్‌ను 1967లో నిర్బంధంగా సైన్యంలో చేర్చుకుని వియత్నాం పంపారు. గాయపడి తిరిగొచ్చాడు. తాను చూసిన యుద్ధాన్నే నక్షత్రాల మధ్యకు మార్చి రాశాడు.

కథానాయకుడు మాండెల్లా భౌతికశాస్త్ర విద్యార్థి. తెలివైనవాళ్లను ఏరి సైన్యంలోకి లాక్కునే చట్టం కింద అతన్ని టౌరన్లనే గ్రహాంతర జాతి మీదికి పంపుతారు. కాంతివేగానికి దగ్గరగా పోయే నౌకలో కాలం నెమ్మదిగా నడుస్తుంది. అది ఐన్‌స్టీన్ చెప్పిన సత్యం. మాండెల్లాకు రెండేళ్లు గడిచేసరికి భూమి మీద ఇరవయ్యారేళ్లు గడిచిపోతాయి. తండ్రి పోయాడు. ముసలితల్లికి వైద్యం అందే అర్హత ప్రభుత్వ లెక్కలో సున్నా. అతని జీతం మాత్రం బ్యాంకులో పెరిగి కొండంతయింది.

ఇక్కడ శాస్త్రం అలంకారం కాదు, వస్తువు. ఇది మా ఐనవిల్లిలో కూర్చుని చదివితే మరీ బాగా తెలుస్తుంది. మా వీధిలో ఒకాయన కువైట్‌లో పదిహేనేళ్లు డ్రైవరు పని చేసి వచ్చాడు. ముక్తేశ్వరం రేవులో పంటు దిగి ఇంటికొస్తే, 'నువ్వు' అనాల్సిన కూతురు 'మీరు' అంది. తన చేను గట్టు ఎక్కడో పక్కింటి కుర్రాణ్ణి అడిగి తెలుసుకున్నాడు. ఆయనకు ఈ కథ చెప్పాను. "అంత డబ్బుండగా మళ్లీ యుద్ధానికెందుకెళ్లాడండీ?" అని అడిగి, నేను జవాబు చెప్పేలోగా, "నేనూ మూడుసార్లు వెళ్లాన్లెండి" అన్నాడు. మాండెల్లా మళ్లీ సైన్యంలో చేరే అధ్యాయానికి ఇంతకంటే మంచి వ్యాఖ్యానం నాకు దొరకలేదు. మరీ నిరాశగా ఉందని పత్రికా సంపాదకుడు వద్దన్న భాగం అదే. తర్వాతి కూర్పులో రచయిత దాన్ని తిరిగి చేర్చుకున్నాడు. మంచిపని చేశాడు.

మొదటి పోరాట ఘట్టమూ గొప్పది. శత్రువు చేసిన ఘోరాలంటూ అబద్ధపు దృశ్యాల్ని సైనికుల మెదళ్లలో ముందే నాటి ఉంచుతారు. ఒక్క మాటతో ఆ ద్వేషం మేల్కొంటుంది. ఎదురు తిరగని ప్రాణుల్ని ఊచకోత కోస్తారు. అవి అబద్ధాలని మాండెల్లాకు తెలుసు. తెలిసీ చంపుతాడు.

లోపాలు చిన్నవి కావు. ఆడ సైనికులు మగవాళ్ల కోరిక కాదనకూడదన్నది అక్కడ ఆచారం, చట్టం కూడా. రచయిత దాన్ని తేలిగ్గా చెప్పి దాటిపోయాడు. లోకం ఎంత మారిందో చూపడానికి స్వలింగ ప్రేమను వింతగా వాడుకోవడమూ అలాంటిదే. భూమి ఆర్థికవ్యవస్థకు యుద్ధం అవసరమైందన్న అసలు విషయం చివర్లో నాలుగు వాక్యాల నివేదికగా వస్తుంది. లాభపడినవాడు ఒక్కడూ నవలలో పాత్ర కాలేదు.

నా అసలు అభ్యంతరం వేరు. 1143 ఏళ్ల యుద్ధం ఎందుకు సాగింది? రెండు జాతులకూ ఒకరి మాట ఒకరికి అర్థం కాలేదట! టౌరన్లలో వియత్నాం రైతును చూడమని నవలే మనల్ని ప్రోత్సహిస్తుంది. ఆ రైతుకు అపార్థం ఏమీ లేదు. ఫ్రెంచివాళ్లతోనూ, తర్వాత అమెరికాతోనూ ఎందుకు పోరాడుతున్నాడో అతనికి తెలుసు: భూమికోసం, స్వాతంత్ర్యం కోసం. తన సైనికుడి వేదనను అంత నిజాయితీగా చెప్పిన హాల్డెమన్, ఎదుటివాడికి ఒక కారణం, ఒక గొంతు ఇవ్వలేదు. హైన్‌లైన్ పురుగులన్నచోట ఇతను మూగవాళ్లన్నాడు.

చివరికి మాండెల్లా ప్రియురాలు మేరీగే ఒక నౌకలో కాలాన్ని ఆపుకుంటూ అతనికోసం ఎదురుచూసి కలుసుకుంటుంది. నన్నూ కదిలించిన ఘట్టమే. వాళ్లకు కొడుకు పుట్టాడన్న పత్రికా వార్తతో నవల ముగుస్తుంది. మొదటి దాడిలో చచ్చిన టౌరన్ల ప్రస్తావన ఆ వార్తలో లేదు.