అరువు చెయ్యి

చూపులేని విద్యార్థికి పరీక్ష రాసిపెట్టే స్క్రైబు పని పైకి తేలికే. ప్రశ్న చదవాలి, చెప్పింది రాయాలి, అంతే కదా! కానీ నాలుగు ఆప్షన్లనూ ఒకే గొంతుతో చదవడం ఒక విద్య. సరైన జవాబు దగ్గర స్వరం కాస్త సాగిందా, అందించినట్టే. తప్పు చెబుతున్నారని తెలిసినా పెదవి విప్పకుండా, ఆ తప్పునే శుభ్రంగా రాయాలి. బాగా చదువుకున్నవాళ్లకు ఇదే పెద్ద గండం! కేంద్ర మార్గదర్శకాల ప్రకారం గంటకు కనీసం 20 నిమిషాలు అదనంగా ఇస్తారు. రాసింది తిరిగి చదివి వినిపించేసరికి అవీ కరిగిపోతాయి. ఈ పనికి కాలేజీ పిల్లలు, గృహిణులు, సెలవు పెట్టుకుని మరీ ఉద్యోగులు వస్తుంటారు. మాటిచ్చి రాకపోతే అవతలి మనిషికి ఏడాది పోవచ్చు. వస్తే డిగ్రీ చేతికొస్తుంది, ఆపైన టీచరుద్యోగమో బ్యాంకు కొలువో.