తీగ ఊడితే తేలే తేడా

సమ్మింగ్ ఆంప్లిఫయర్ అనగానే మన ఇంజనీరింగ్ విద్యార్థి ఫార్ములా అప్పజెబుతాడు. వోల్టేజీలను కూడటమే దాని గొప్పతనం అనుకుంటాడు. నిజానికి కూడికకు ఆప్-ఆంప్ (ఆపరేషనల్ ఆంప్లిఫయర్) అక్కర్లేదు. మూడు 10 కిలోఓమ్‌ల రెసిస్టర్లను ఒక కొసన ముడివేసి, రెండో కొసలకు 1, 2, 0.5 వోల్టులిస్తే ముడి దగ్గర సుమారు 1.17 వోల్టులుంటాయి. అది మూడింటి సగటు. మూడింతలు చేస్తే మొత్తం వచ్చేస్తుంది. ఇప్పుడు అర వోల్టు తీగను ఊడదీయండి. ముడి దగ్గర వోల్టేజి తగ్గాల్సింది పోయి 1.5కి పెరుగుతుంది! ఒక తీగ కదిలితే మిగతా అన్నింటి వాటాలూ మారిపోతాయి.

ఆ ముడినే ఆప్-ఆంప్ మైనస్ పిన్‌కు కలిపి, ప్లస్ పిన్‌ను గ్రౌండ్ చేసి, అవుట్‌పుట్ నుంచి మైనస్ పిన్‌కు మరో 10 కిలోఓమ్‌ల రెసిస్టర్ వేస్తే కథ మారుతుంది. 0.1, 0.2, 0.05 మిల్లీఆంపియర్ల కరెంట్లు ముడికి చేరతాయి. పిన్ దాదాపు ఏమీ తీసుకోదు కనుక మొత్తం 0.35 మిల్లీఆంపియర్లూ ఫీడ్‌బ్యాక్ రెసిస్టర్ గుండా పోతాయి, అవుట్‌పుట్ మైనస్ 3.5 వోల్టులవుతుంది. 741 అనే ఆప్-ఆంప్ చిప్ గెయిన్ సుమారు 2 లక్షలు. అంటే ఇంత అవుట్‌పుట్‌కు ముడికీ గ్రౌండ్‌కూ మధ్య ఉండే తేడా 17.5 మైక్రోవోల్టులే. ప్రతి ఇన్‌పుట్‌కూ అవతల కనిపించేది గ్రౌండే. పక్క ఇన్‌పుట్ ఉన్న సంగతే దానికి తెలియదు. అర వోల్టు తీసేస్తే సరిగ్గా మైనస్ 3 వోల్టులు మిగులుతాయి. సౌండ్ మిక్సర్‌లో మృదంగం మైకు ఆపినా గాయని గొంతు పెరగకపోవడానికి ఇదే ఆధారం. బెల్ ల్యాబ్స్‌కు చెందిన కార్ల్ స్వార్ట్‌జెల్ 1941లోనే వాక్యూమ్ ట్యూబులతో ఈ పని సాధించి పేటెంట్‌కు దరఖాస్తు చేశాడు. విమాన విధ్వంసక ఫిరంగులకు గురి లెక్కగట్టిన ఎం-9 యంత్రానికి ఇలాంటి ఆంప్లిఫయర్లే ఆధారం.

మైనస్ గుర్తు బెడద లేకుండా ప్లస్ పిన్ దగ్గరే కూడవచ్చు కదా అంటారు. కూడవచ్చు, కానీ అక్కడ మళ్లీ ఆ పాత సగటు ముడే ఉంటుంది, ఊడిన తీగ మళ్లీ లెక్క తప్పిస్తుంది. గుర్తు తిప్పడానికి ఇంకో ఆప్-ఆంప్ వాడటమే మేలు. అంతకన్నా బలమైన అభ్యంతరం ఒకటుంది. ఒక ఇన్‌పుట్ మరోదానికి అడ్డురాని ఈ స్వేచ్ఛ ఉచితంగా రాదు. రెసిస్టర్లన్నీ సమానమైతే, ఇన్‌పుట్లు ఎన్నో దానికి ఒకటి కలిపినంత నాయిస్ గెయిన్ ఉంటుంది. 24 ఇన్‌పుట్లు కలిపితే 25. చిప్ సొంత రొద అన్ని రెట్లవుతుంది, 741కున్న 1 మెగాహెర్ట్జ్ బ్యాండ్‌విడ్త్ 40 కిలోహెర్ట్జ్‌కు కుంచించుకుపోతుంది. ఈ మాట నూటికి నూరుపాళ్లూ నిజం. ఫార్ములాలో మాత్రం ఎక్కడా కనిపించదు.

అందుకే అధ్యాపకులకు ఒక మనవి. ల్యాబ్‌లో మైనస్ 3.5 వోల్టులు రాగానే రికార్డులో సంతకం పెట్టకండి. ఒట్టి రెసిస్టర్ల ముడి, ఆప్-ఆంప్ సర్క్యూట్ రెండింటిలోనూ ఒక తీగ ఊడదీయించి, మళ్లీ కొలిపించండి.