"సహకారం" అన్న మాట గురించి

"స్టానిస్లావ్ లిబెన్‌స్కీ తన భార్య సహకారంతో చేసిన గాజు శిల్పాలు" - చాలా ఏళ్ల కిందట ఒక వ్యాసంలో నేనే రాసిన మాటలివి. ఆ "సహకారం" ఇవాళ నన్ను గుచ్చుతోంది.

ఆ భార్య పేరు యారొస్లావా బ్రిఖ్తోవా (1924-2020). చెక్ దేశంలో గాజు పనికి పేరుపడ్డ జెలెజ్నీ బ్రోద్ ఆమె ఊరు. లిబెన్‌స్కీ (1921-2002) 1954లో అక్కడి గాజు పాఠశాలకు డైరెక్టరుగా వచ్చేనాటికే ఆమె అచ్చుల్లో గాజు కరిగించి శిల్పాలు చేస్తోంది. అతను గీసిన ఒక తల బొమ్మని చూసి గాజులోకి తేవాలని పూనుకున్నది ఆమే. 1955-56లో తయారైన ఆ పాత్ర వాళ్ల మొదటి ఉమ్మడి పని. అప్పటికి ఎవరి సంసారాలు వారివి. 1963లో పెళ్లి చేసుకున్నారు. అదే ఏడాది అతను ప్రాగ్‌లో ప్రొఫెసరయ్యాడు. ఆమె ఫ్యాక్టరీలోనే కొనసాగింది.

అతను కాగితం మీద గీసేవాడు, ఆమె మట్టిలో మలిచేది. ఆలోచన అతనిది, చాకిరీ ఆమెది అని తేల్చెయ్యడం మన విమర్శకి ఎంత సులువు! కానీ గాజు ఒప్పుకోదు. ఒకే రంగు గాజు పలచగా ఉన్నచోట లేతగా, మందంగా ఉన్నచోట చిక్కగా కనిపిస్తుంది. వెనకనుంచి లోపలికి తొలిచిన ముఖం ముందుకి ఉబికినట్టుంటుంది. కాగితం మీది గీతకి మందం ఉండదు. వెలుగు ఎక్కడ ఆగాలో, ఎక్కడ దాటాలో తేలింది ఆమె వేళ్ల కింద. దాన్ని రచన అనక మరేమంటాం?

"ముద్దు" అని పేరుపెట్టిన శిల్పం కూడా వాళ్లకుంది. అయినా వాళ్ల అనుబంధం నాకు కనిపించేది ఆ పేరులో కన్నా పని జరిగిన తీరులోనే. కరిగిన గాజుని తొందరపడి చల్లారిస్తే లోపల ఒత్తిడి మిగిలి, ఎప్పుడో పగులుతుంది. అందుకే పెద్ద శిల్పాలని బట్టీలో వారాల తరబడి మెల్లగా చల్లారుస్తారు. ఇద్దరు మనుషులు దాదాపు యాభై ఏళ్లు కలిసి పనిచెయ్యడానికి కూడా అంత ఓపికే కావాలేమో.

మన పుస్తకాల ముందుమాటల్లో, ఆఖరి వాక్యంలో, "శుద్ధప్రతి రాసిపెట్టిన నా శ్రీమతి"కి కృతజ్ఞతలుంటాయి. ఆ శుద్ధప్రతిలో ఎన్ని వాక్యాలు మారాయో ఎవరడిగారు? నేనూ అడగలేదు. కనీసం నా వాక్యాన్నయినా దిద్దుకుంటున్నాను: "బ్రిఖ్తోవా, లిబెన్‌స్కీల గాజు శిల్పాలు."