ఆరని అగ్ని, దావీదు త్రాగని నీళ్లు: రెండు డాక్యుమెంటరీ చిత్రములపై వేదాంత పరిశీలన

ఉపోద్ఘాతము

యంత్రపరిశ్రమ మనుష్యుని యొద్ద నుండి ఏమి తీసికొనుచున్నదో చూపు డాక్యుమెంటరీ చిత్రములు అనేకము వచ్చియున్నవి. వాటిలో రెండింటిని ఈ వ్యాసములో పరిశీలించుచున్నాము. మొదటిది జర్మన్ దర్శకుడు హరూన్ ఫరోకీ 1969లో తీసిన ‘ఆరని అగ్ని’. రెండవది ఆస్ట్రియా దర్శకుడు హుబర్ట్ సౌపర్ 2004లో తీసిన ‘డార్విన్స్ నైట్‌మేర్’. ఒకటి యుద్ధమును గూర్చినది, మరియొకటి భోజనపు బల్లను గూర్చినది. రెండును లేవనెత్తు ప్రశ్న ఒక్కటే. ఆ ప్రశ్న చిల్లకూరు వంటి నెల్లూరు తీరపు సంఘములకు దూరమైనది కాదని చూపుట మా ఉద్దేశము.

1. పని చేయు చేతికి తెలియనిది

ఫరోకీ చిత్రపు పేరు వినగానే మార్కు 9వ అధ్యాయములోని నరకవర్ణన మనకు జ్ఞాపకము వచ్చును. అయితే ఇక్కడ అగ్ని మనుష్యుడు చేసినది. వియత్నాం యుద్ధములో అమెరికా ప్రయోగించిన నాపామ్‌ను డౌ కెమికల్ సంస్థ తయారుచేసెను. కాలిన దేహములను చూపినయెడల ప్రేక్షకుడు కన్నులు మూసికొనునని ఎరిగిన దర్శకుడు, మండుచున్న సిగరెట్టును తన చేతిమీదనే ఆర్పుకొనును. సిగరెట్టు వేడి 400 డిగ్రీలు, నాపామ్ వేడి 3,000 డిగ్రీలు అని తెలుపును. తరువాత కెమెరా కార్యాలయములోనికి, ప్రయోగశాలలోనికి పోవును. అక్కడ ప్రతివానికి తన వంతు పని మాత్రమే తెలియును. చివరి భాగములో ఇల్లు ఊడ్చు యంత్రముల కర్మాగారపు కార్మికుడొకడు విడిభాగములను ఇంటికి తెచ్చి బిగించును. ఎట్లు బిగించినను అది మరతుపాకియే యగును.

ఇది పరదేశపు కల్పన అని త్రోసివేయలేము. చిల్లకూరునకు పొరుగున గూడూరు, సైదాపురం ప్రాంతములలో అభ్రకపు గనులున్నవి. రెండవ ప్రపంచయుద్ధ కాలములో రేడియోలకు, విమానములకు అభ్రకము అత్యవసరము. భారతదేశపు అభ్రకమును సేకరించుటకు బ్రిటన్, అమెరికా ప్రభుత్వములు 1942లో ఉమ్మడి మైకా మిషన్‌ను నెలకొల్పెను. అదే అభ్రకపు రేకు ఇస్త్రీపెట్టెలోను ఉండును. రేకులు చీల్చిన స్త్రీకి తాను చీల్చినది బాంబు విమానమునకో, ఇస్త్రీపెట్టెకో ఎట్లు తెలియును? నేడు చిల్లకూరు, కోట మండలముల తెల్ల ఇసుక గాజు కర్మాగారములకు పోవుచున్నది. అది మందుల సీసా యగునో, సారాయి సీసా యగునో తవ్వినవానికి తెలియదు.

2. తినువాడు చూడనిది

సౌపర్ చిత్రము టాంజానియాలోని విక్టోరియా సరస్సు తీరమున, మ్వాంజాలో జరుగును. సరస్సులో విడిచిన నైలు పెర్చ్ చేప అక్కడి చేపజాతులను తినివేసెను. దాని కండ విమానములలో ఐరోపాకు పోవును. తలలు, ముండ్లు అక్కడి బీదలకు మిగులును. తాను అంగోలాకు యుద్ధ సామగ్రిని చేరవేసి, తిరుగు ప్రయాణములో ఐరోపా పిల్లల క్రిస్మస్‌కు ద్రాక్షపండ్లు తెచ్చితినని ఒక పైలట్ మెల్లగా ఒప్పుకొనును. మన దృష్టిలో చిత్రమంతటికి ప్రాణము ఈ సన్నివేశమే.

అయినను లోపము చెప్పక తప్పదు. మ్వాంజాకు ఆయుధములు వచ్చుచున్నవను సంగతిని ఈ చిత్రము మాటలతో, సూచనలతో నడిపించునే గాని కన్నులార చూపదు. 2006లో ఆ దేశాధ్యక్షుడు కిక్వేతే దీనిని బహిరంగముగా ఖండించెను. అంతకంటె పెద్ద లోపము, ఇది ప్రేక్షకునికి జాలి పుట్టించి విడిచిపెట్టుట. జాలిపడినవాడు తాను మంచివాడనని తలంచి నిద్రించును. ఫరోకీ చిత్రము అట్లు నిద్రింపనియ్యదు, ఏలయనగా అది బాధితుని ముఖమునకంటె చూచువాని చేతిపనిని ఎక్కువగా ప్రశ్నించును.

మన తీరమున రొయ్యల గుంటలున్నవి. ఇక్కడ ఆయుధ విమానములు లేవు, గుంటల వలన అనేక కుటుంబములకు జీవనము కలిగినది. అయితే ఉప్పునీరు ఇంకి త్రాగునీరు, పొలములు చెడుననునది కూడ సత్యమే. తీర నియంత్రణ మండలములో రొయ్యల పరిశ్రమ ఉండరాదని 1996లో సుప్రీంకోర్టు తీర్పిచ్చెను. 2005లో పార్లమెంటు చట్టము చేసి మరల త్రోవ తెరచెను. రొయ్య అమెరికా బల్లమీదికి చేరును, ఉప్పెక్కిన బావి మాత్రము ఇక్కడనే నిలుచును.

3. వాక్యపు వెలుగులో

యెషయా 2:4, యోవేలు 3:10 కలిపి చదివినయెడల ఖడ్గమునకు, నాగటికి ఇనుము ఒకటేనని తెలియును. అది ఏమగునో నిర్ణయించునది మనుష్యుని హృదయము. ప్రకటన 18లో బబులోను వర్తకుల సరకుల పట్టిక బంగారముతో మొదలై మనుష్యుల ప్రాణములతో ముగియును.

అయితే ఈ చిత్రములకు సరియైన జవాబు 2 సమూయేలు 23:13-17లో ఉన్నది. దావీదు ఆజ్ఞ ఇయ్యలేదు, బేత్లెహేము బావినీళ్లకు ఆశపడెను మాత్రమే. ముగ్గురు శత్రుసేనను చీల్చుకొని నీళ్లు తెచ్చిరి. ఆ నీళ్లలో దావీదు వారి రక్తమును చూచెను, త్రాగక ప్రభువు సన్నిధిని పారబోసెను. నీళ్లు చెడ్డవి కావు, దాహము పాపము కాదు. చేతికి వచ్చినదానికి ఎవరి ప్రాణము వెలగా పెట్టబడెనో చూచుట అతని భక్తి. జాలికిని మారుమనస్సునకును భేదము ఇదే.

ముగింపు

కొలొస్సయి 3:23 ఆధారముగా మనఃపూర్వకముగా పని చేయుడని కూలివారికి బోధించుచున్నాము. అది సత్యమే. అయితే పనిలో ఎంపిక లేనివానికి మాత్రమే బోధించి, ఎంపికగల యజమానిని, కొనువానిని విడిచినయెడల మన బోధ సగమే. సంఘములో ఈ చిత్రములు ప్రదర్శించు సేవకులు “వారిని చూచి మీకేమి అనిపించెను?” అని అడుగుటకు ముందు, “మీ చేతిలోనిది ఎక్కడనుండి వచ్చినది, మీ చేతిపని ఎక్కడికి పోవుచున్నది?” అని అడుగవలెను. రొయ్యల పంటకు కృతజ్ఞతార్పణ అందుకొనుచున్నప్పుడు పక్క వీధి బావినీళ్లు ఎట్లున్నవో విచారించుట కూడ కాపరి పనియే.