ఆరబెట్టడమే ఆయుష్షు

కృష్ణా, తుంగభద్ర తీరాల్లో వేట ముగించిన జాలరి పుట్టిని ఒడ్డుకు లాగి బోర్లిస్తాడు. లోపలి నీరు కారిపోవాలి, అడుగు గాలికి ఆరాలి. వెదురు బద్దలతో అల్లిన బుట్టకు పూర్వం తోలు తొడిగేవారు, ఇప్పుడు తారు పూసిన పట్టా తొడుగుతున్నారు. 1520ల్లో విజయనగరానికి వచ్చిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్ ఈ గుండ్రటి పడవల గురించి రాశాడు. పదిహేను, ఇరవై మందిని, అవసరమైతే గుర్రాలను, ఎద్దులను కూడా దాటించేవట.

లోపల చట్రం, పైన తొడుగు. ఆర్కిటిక్ ఇన్యూట్ ప్రజల కయాక్ అనే పడవది కూడా ఇదే నిర్మాణం. 1905లో జర్మనీలో ఆల్‌ఫ్రెడ్ హాయ్‌రిష్ అనే ఆర్కిటెక్చర్ విద్యార్థి ఆ చట్రాన్ని విడదీసి సంచిలో సర్దుకునేలా మలిచాడు. రెండేళ్లకు రోజెన్‌హైమ్ పట్టణపు దర్జీ యోహాన్ క్లెపర్ ఆ నమూనా హక్కులు కొని మడత కయాక్‌లు తయారుచేశాడు. 1956లో హానెస్ లిండెమాన్ అనే వైద్యుడు క్లెపర్ కయాక్‌లో ఒంటరిగా 72 రోజుల్లో అట్లాంటిక్ దాటాడు.

ఇలా మడిచే కయాక్ మన ఊళ్లకూ పనికొస్తుంది. సికింద్రాబాద్‌కు పడవలు కొత్త కాదు. హుస్సేన్ సాగర్‌లో ఇక్కడి సెయిలింగ్ క్లబ్బుల తెరచాపలు ఏటా పోటీ పడుతుంటాయి. పడవ దాచుకునే షెడ్డు లేని అపార్ట్‌మెంటు వాసికి మడత కయాక్ చక్కగా సరిపోతుంది. అయితే మన నీటికి, మన ఎండకు, మన వానాకాలానికి తగ్గట్టు దాన్ని చూసుకోవాలి.

మొదటి శత్రువు ఇసుక. చట్రానికీ తొడుగుకూ మధ్య చిక్కిన ఇసుకరేణువులు తెడ్డు వేసిన ప్రతిసారీ రాపిడి చేసి తొడుగును లోపలినుంచే కొరికేస్తాయి. అందుకే ఒడ్డున కాళ్లు కడుక్కున్నాకే ఎక్కాలి. ఇంటికి తెచ్చాక చట్రం పూర్తిగా విప్పి, తొడుగు లోపలా బయటా కుళాయి నీళ్లతో కడగాలి. హుస్సేన్ సాగర్ నీటిలో మురుగు, నాచు ఉంటాయి కాబట్టి ఈ కడుగుడు తప్పనిసరి. విశాఖ సముద్రంలో తిప్పితే ఉప్పు పోయేదాకా కడగాలి, లేకపోతే అల్యూమినియం చట్రమైతే దాని గొట్టాలు కీళ్ల దగ్గర బిగుసుకుపోయి ఊడిరావు.

రెండోది తడి. పాత పద్ధతి కయాక్‌లకు పైభాగం నూలు కాన్వాసు, అడుగు రబ్బరు. తడిగా మడిచిన కాన్వాసుకు బూజు పడుతుంది, కుట్టుదారం కుళ్లుతుంది. మూలల్లో నిలిచిన నీటిని స్పాంజితో పీల్చి, నీడలో, గాలి ఆడేచోట తిరగేస్తూ ఆరబెట్టాలి. వానాకాలంలో ఫ్యాను కింద రెండు రోజులైనా ఉంచడం మేలు. మే నెల డాబా ఎండలో వేయకూడదు. ఆ వేడికి జిగురు వదులుతుంది, రబ్బరు పెళుసు బారుతుంది. మూసిన కారు డిక్కీలోనూ ఇదే ప్రమాదం.

ఆరాక అడుగు రబ్బరు లోపలివైపు టాల్కం పౌడర్ చల్లితే పొరలు అంటుకోవు, మళ్లీ బిగించేటప్పుడు చట్రం సాఫీగా జారుతుంది. ప్రతిసారీ ఒకే గీత మీద మడిస్తే అక్కడే చిట్లుతుంది. కాబట్టి వదులుగా చుట్టి, ఎలుకలు, పందికొక్కులు చేరని ఎత్తైన అరలో పెట్టాలి.

చెక్క చట్రానికి వార్నిష్ రక్ష. గీత పడి కర్ర తేలినచోట నీరు ఎక్కి నల్లబడుతుంది. బాగా ఆరనిచ్చి, గరుకు కాగితంతో రుద్ది, పలచగా రెండుమూడు పూతలు వేయాలి. చిరుగుకు అతుకు వేయడం సైకిల్ ట్యూబుకు పంక్చర్ వేసినట్టే: రెండువైపులా గరుకు చేసి, శుభ్రపరిచి, జిగురు రాసి, అది చేతికి అంటీ అంటనట్టు ఆరాక గట్టిగా అదమాలి. అతుకు మూలలు గుండ్రంగా కత్తిరిస్తే అంచులు లేవవు.

ఈ పడవల అసలు విలువ ఇక్కడే ఉంది. విరిగిన వెదురు బద్దను మార్చి, మళ్లీ తారు పూసి జాలరి తన పుట్టిని తానే బాగుచేసుకుంటాడు. కయాక్ యజమానికీ ఆ స్వేచ్ఛ ఉంది. ఒక పుల్ల విరిగితే ఆ పుల్లే మారుస్తాడు, తొడుగు చిరిగితే అతుకు వేస్తాడు. పడవ మొత్తాన్ని పారేయాల్సిన అవసరం రాదు. ప్రయాణం అయ్యాక కడగడానికి, ఆరబెట్టడానికి ఒక పూట కేటాయించే ఓపిక ఉంటే, ఈరోజు కొన్న కయాక్‌లో రేపు మీ పిల్లలు తెడ్డు వేస్తారు.