కుదురు తప్పని కుట్టు

వెంట్రుకను మొదలు నుంచి కొసకు నిమిరితే వేళ్ల మధ్య నున్నగా జారిపోతుంది. కొస నుంచి మొదలుకు నిమిరితే సన్నని గరుకు తగులుతుంది. తిరుపతిలో తాతయ్యగుంట వైపు ఒక ఇంటి వసారాలో కూర్చుని సవరాలు కట్టే అక్క నాకు ముందుగా పెట్టిన పరీక్ష ఇదే. రెండు వైపులా సమంగా కత్తిరించిన పాయ ఒకటి చేతిలో పెట్టి, కళ్లు మూసుకోమంది. "మొదులు యాడుండాదో చెప్పు మ్మా" అంది. రెండుసార్లు తప్పాను. మూడోసారి చెప్పగలిగాను గానీ, అది నా వేళ్ల పనో అదృష్టమో ఇప్పటికీ అనుమానమే. ఆమె మాత్రం పక్కింటావిడతో మాట్లాడుతూనే పాయ తర్వాత పాయ తిప్పి పెడుతూ పోయింది. ఒక్కటీ తప్పలేదు.

వెంట్రుక మొదలును కుదురు అంటాం. కదలకుండా ఉండడాన్నీ కుదురుగా ఉండడమే అంటాం. ఆమె పనిలో ఈ రెండు మాటలకూ తేడా లేదు.

కారణం వెంట్రుక మీది పొలుసులు. పెంకుటింటి పెంకుల్లా ఒకదాని మీద ఒకటి పరుచుకుని, అన్నీ కొసవైపే వాలి ఉంటాయి. వందల వెంట్రుకల్లో కొన్ని తలకిందులుగా కలిస్తే వీటి పొలుసులు వాటికి ఎదురుపడి పట్టుకుంటాయి. అదే చిక్కు. స్టీలు గిన్నెలిచ్చి వీధుల్లో పోగుచేసుకుపోయే దువ్వెన వెంట్రుకల్లో మొదలూ కొసా కలగాపులగం. వాటిని ఆమ్లంలో ముంచి పొలుసులు ఊడగొట్టి, పైన సిలికాన్ పూత పూసి అమ్మేవాళ్లున్నారు. కొత్తలో పట్టులా మెరుస్తాయి. నాలుగు తలస్నానాలకు పూత కరిగిపోయి కొబ్బరి పీచులా తయారవుతాయి.

తిరుమల కొండమీది వెంట్రుకలకు ఉన్న విలువంతా ఇక్కడే ఉంది. కల్యాణకట్టలో ఆడవాళ్లకు గుండు చేసేముందు పొడుగు జుట్టును ముడేస్తారు. కత్తి ఆడాక కుదుళ్లన్నీ ఒకవైపే ఉండి, జుట్టు కట్టకట్టగా చేతికొస్తుంది. వ్యాపారులు రెమీ అనేది ఈ రకాన్నే. నీలాదేవి తన కురులు కోసి స్వామికి ఇచ్చిందనీ, తలనీలాలన్న మాటా నీలాద్రి అన్న పేరూ ఆమెవేననీ చెప్పుకుంటాం. ఆ నీలాలు 2011 నుంచి ఈ-వేలంలో అమ్ముడుపోతున్నాయి. 31 అంగుళాలకు పైనున్నది మొదటి రకం, 16 నుంచి 30 రెండోది, అలా దిగుతూ అయిదంగుళాల లోపు అయిదోది, తెల్లవెంట్రుకలు ఆరోది అని కొన్నేళ్లపాటు వేలంపాటల్లో విడదీశారు. ఏటా వంద కోట్లు దాటే ఆదాయం. మొక్కు తీర్చుకుని గంధం పూసుకుని దిగిపోయే మనిషికి ఈ లెక్కతో పనిలేదు, అది వేరే సంగతి. అక్క కూడా కొండ దగ్గర కొనదు, కొనలేదు. వ్యాపారుల చేతులు మారి వచ్చిన సరుకే తీసుకుంటుంది. తీసుకునేముందు ఒక్క వెంట్రుక పీకి అగ్గిపుల్లతో అంటిస్తుంది. అసలు వెంట్రుకైతే ఈక కాలిన కంపు కొట్టి బూడిదవుతుంది. ప్లాస్టిక్ దారమైతే కరిగి గట్టి పూసలా ముడుచుకుంటుంది. బేరం ఆ తర్వాతే.

సవరం కట్టే సాధనం చూస్తే నవ్వొస్తుంది. చెక్కకు బిగించిన రెండు మేకులు, వాటి మధ్య బిర్రుగా లాగిన మూడు నల్లదారాలు, అంతే. పది పదిహేను వెంట్రుకల పాయను తీసుకుని, కుదుళ్ల వైపున పై దారం మీదుగా, నడిమి దాని కిందుగా, అడుగు దాన్ని చుట్టి మళ్లీ పైకి తెస్తుంది. ఆ మెలిక విడిగా చూస్తే ఇంగ్లీషు ఎమ్ అక్షరంలా ఉంటుంది. గోటితో ముందు పాయ పక్కకు నెట్టి ఒత్తుతుంది. మళ్లీ ఇంకో పాయ. ఒక గంటకు జానెడు పట్టీ కూడా సాగలేదు. పట్టీని ఎత్తి వెలుతురుకు అడ్డం పెట్టింది. మెలికల మధ్య వెలుగు చుక్క కనిపిస్తే అక్కడ ఊడుతుందట. నాకు ఎక్కడా కనిపించలేదు. ఆమెకు ఒకచోట కనిపించింది, విప్పేసింది. ఇలాంటి పట్టీలను చుట్టి, మూడు పాయలుగా ఒకే ముడిలోంచి దించితే సవరం.

ఈ సవరం పెళ్లికూతురి పూలజడకు వెన్నెముక. కూచిపూడి భామాకలాపంలో సత్యభామ జడ ఒక పాత్రంత పని చేస్తుంది. ఆ వేషంతోనే పేరు మోసిన వేదాంతం సత్యనారాయణశర్మ మగమనిషి కదా, ఆ జడకు సవరం కావాల్సిందే. పట్టీని సవరంగా చుట్టకుండా తలకే కుట్టే పని మాత్రం అక్కకు ఈమధ్య వచ్చింది. ఈ పద్ధతికి ఊరు అమెరికా. అక్కడ క్రిస్టీనా జెంకిన్స్ అనే నల్లజాతి మహిళ అల్లిన జుట్టుకు పట్టీ కుట్టే విధానం కనిపెట్టి 1952లో పేటెంటు పొందింది. అప్పటిదాకా పిన్నులతో నిలబెట్టేవాళ్లు, తల విదిలిస్తే ఊడేది. మన వైపు నుంచి సముద్రాలు దాటిన జుట్టు ఆ పద్ధతిలోనే అక్కడి తలలకెక్కింది. ఇప్పుడు ఆ పద్ధతి ఎదురు వచ్చింది.

ఆరోజు పీటమీద కూర్చున్నది నాట్యం నేర్చుకునే పిల్ల. ముందురోజే తలంటుకుని, నూనె చుక్క లేకుండా, పూర్తిగా ఆరాక రమ్మని చెప్పింది అక్క. తడి జుట్టు అల్లితే ఆరాక బిగుస్తుంది, నెత్తి లాగుతుంది. పాపిడి దగ్గరా నుదుటి చుట్టూ రెండు వేళ్ల మందం జుట్టు విడిచిపెట్టింది, తర్వాత అది కుట్టును కప్పుకోవాలి. చెంపల దగ్గరి నూగు జోలికి అసలు పోలేదు. మిగతా జుట్టును నెత్తికి అంటుకునేలా సన్నని జడలుగా అల్లింది. మన జుట్టు జారుడు, అల్లిక వదులైపోతుంది. అందుకని ప్రతి మెలికకూ కొత్తగా నాలుగు వెంట్రుకలు కలుపుకుంటూ పోయింది.

వంకర సూది, మందపాటి నల్లదారం. కాజా కుట్టు తెలిసినవాళ్లు ఈ కుట్టును ఇట్టే పట్టుకుంటారు. సూది అల్లిక కిందుగా దూరి, పట్టీని చుట్టి బయటికి వస్తుంది. దారం పూర్తిగా లాగకముందే మిగిలిన వలయంలోంచి ఇంకోసారి దూరి బిగుస్తుంది. వేలి వెడల్పుకు ఒక కుట్టు. సూది పట్టీని పొడవదు, నెత్తిని తాకదు. పట్టీని పొడిస్తే మెలిక తెగి వెంట్రుకలు రాలతాయి. వరస చివర పట్టీని కత్తిరించకుండా మడిచి వెనక్కి తిప్పింది, అదీ ఇందుకే. చేత్తో అల్లిన పట్టీ ఒకచోట తెగిందంటే అక్కడి నుంచి విడిపోతూనే ఉంటుంది.

నన్ను కట్టిపడేసింది ఆమె కుట్టే వేగం కాదు, మధ్యమధ్య ఆగడం. రెండు వరసలకోసారి సూది వదిలి, "కనుబొమ్మలు ఎత్తు పాపా" అనేది. పిల్ల ఎత్తింది. "నగు." నవ్వింది. మూడోసారి నవ్వినప్పుడు పిల్ల కుడికన్ను కొస కొంచెం సాగింది. ఒక్క మాట అనకుండా ఆ వరసలో అయిదు కుట్లు విప్పేసింది అక్క. పిల్లకు నొప్పేమీ తెలియనేలేదు. "ఇప్పుడు తెలీదులే, రాత్రికి తెలుస్తాది" అంది. మా మేనకోడలి పెళ్లిలో ఒక పార్లరు వాళ్లు బిర్రుగా కుట్టి పంపితే, ఆ పిల్ల తాళి కట్టించుకుంటున్నంతసేపూ కణతలు నొక్కుకుంటూనే ఉంది. ఫొటోల్లో జడ మాత్రం అద్భుతంగా ఉంది. ఒక్క పూట సరే, అదే లాగుడు నెలల తరబడి సాగితే కుదుళ్లే చచ్చి నుదురు వెనక్కి పోతుంది, అక్కడ జుట్టు మళ్లీ రాదు. అందంగా కుట్టేవాళ్లు చాలామంది ఉంటారు. విప్పడానికి చెయ్యి వెనకాడనివాళ్లే నా లెక్కలో పనివాళ్లు.

కుట్టించుకున్నాక ఆరు నుంచి ఎనిమిది వారాలు, అంతకు మించి వద్దంటుంది. షాంపూను నీళ్లలో పలచగా కలిపి, మూతికి సన్న రంధ్రమున్న సీసాతో వరసల మధ్య నెత్తిమీద పోసుకోవాలి. గోళ్లతో కాదు, వేలి కొసలతో రుద్దాలి. కుంకుడుకాయ పిప్పి అల్లికలో ఇరుక్కుంటే రాదు. దువ్వేటప్పుడు కొసల నుంచి మొదలుపెట్టి పైకి రావాలి. పడుకునేటప్పుడు శాటిన్ గుడ్డ చుట్టుకోవాలి. అన్నిటికన్నా ముఖ్యం ఆరబెట్టడం. పై జుట్టు ఆరిందని మోసపోతే, కింద అల్లికలో తడి నిలిచి వారానికే తడిసిన గోనెసంచి వాసన వస్తుంది. సాంబ్రాణి పొగ వాసనను కప్పుతుందేమోగానీ అల్లికను ఆరబెట్టదు. డ్రయ్యరు గాలిని వరస వరసకూ చూపించాల్సిందే.

విప్పేటప్పుడు కత్తెర దారానికే తగలాలి. అల్లిక విప్పగానే పిడికెడు జుట్టు ఊడివచ్చి చాలామంది బెదిరిపోతారట. తలనుంచి రోజుకు యాభై నుంచి వంద వెంట్రుకలు మామూలుగానే రాలతాయి. అన్ని వారాలుగా రాలినవన్నీ అల్లికలో ఆగి ఒక్కసారి బయటపడ్డాయి, అంతే. ఆ పిడికెడునూ అక్క పారేయదు. మొదలూ కొసా ఏరి, గుడ్డసంచిలో వేసి పెడుతుంది.

ఆమెతో పని ఉన్నవాళ్లకు ఒక్క మాట. మే నెలలో గంగ జాతర వారం మాత్రం పోకండి. మొక్కుకు ఆడవేషం కట్టే మగవాళ్లతో ఆ వసారా నిండిపోయి ఉంటుంది, మీసాలున్న తలలకు సవరాలు కట్టడంలో ఆమెకు ఊపిరాడదు.